షబ్బీరు గారి గాజు సూది

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి నాలుగు మైళ్లు లోపలికి నడిస్తే, కాలవ ఒడ్డున షబ్బీరు గారి వైద్యశాల వచ్చేది. వైద్యశాలంటే ఇంటి ముందుగది, అంతే. ఒక బల్ల, రోగులు కూర్చునే పొడుగు బెంచీ, కిరసనాయిలు స్టవ్వు, దాని మీద స్టీలు డబ్బా. నీళ్లు మరుగుతుంటే లోపలి గాజు సిరంజి టకటకమని డబ్బాకి కొట్టుకునేది. ఆ చప్పుడు చెవినపడితే సగం జ్వరం దిగినట్టే అనేవాళ్లు ఊళ్లో.

షబ్బీరు డాక్టరీ చదవలేదు. బెజవాడలో ఓ డాక్టరు దగ్గర పదకొండేళ్లు కాంపౌండరుగా చేసి, సూది వెయ్యడం నేర్చుకొచ్చాడు. పిలిస్తే మోకాటిలోతు బురదలోనైనా వెళ్లేవాడు. చదివినవాళ్లెవరూ ఆ బురదలో కాలు పెట్టలేదు కాబట్టి ఊరు ఈయన్నే డాక్టరంది. ఇందులో ఊరి తప్పేముంది?

తొంభై ఏడులో ప్లాస్టిక్ సూదులొచ్చాయి. ఒకరికి వేసి పారెయ్యాలి. జంక్షన్లో మందుల షాపాయన రెండు పెట్టెలిచ్చాడు. మొదటిరోజే పెద్దరైతు వెంకటప్పయ్య చొక్కా చెయ్యి మడిచి, సూదిని చూసి నవ్వాడు.

"ఇదేంటయ్యా షబ్బీరూ, కొండపల్లిలో కొన్నావా? పిల్లలు ఆడుకునే బొమ్మలా ఉంది. నీ గాజు సూది తియ్యి. నీ హస్తవాసంతా దాన్లోనే ఉంది."

బెంచీ మీదున్నవాళ్లంతా నవ్వారు. ఆ మాట షబ్బీరుకీ తియ్యగానే ఉంది. పెట్టెలు రెండూ వెనక్కిచ్చేశాడు.

పొద్దున్నే ఒకసారి డబ్బా మరిగించేవాడు. తర్వాత ఎంతమందొచ్చినా సిరంజిని వేడినీళ్లలో ముంచి, సూదిని స్పిరిటు దూదితో తుడిచి వేసేవాడు. మనిషికొకసారి మరిగించాలంటే రేషన్ కిరసనాయిలు ఏ మూలకి?

మరుసటి ఏడు, వేసవిలో వెంకటప్పయ్య కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు. పొరుగూళ్లో బసవయ్య పసరు పోసేవాడు, అదీ తాగాడు. ఇరవై రోజుల్లో పోయాడు. వారం తిరక్కుండా కల్లుగీసే రత్తయ్య. ఆ తర్వాత మరియదాసు భార్య మార్త. ఇద్దరు బిడ్డల తల్లి, ముప్పయ్యేళ్లు లేవు.

షబ్బీరు మొదట కాలవ నీళ్లని అనుమానించాడు. ఇంటింటికీ తిరిగి నీళ్లు కాచుకు తాగమన్నాడు. తర్వాత బసవయ్య మీద పడ్డాడు.

"ఏం ఆకు నూరి పోస్తున్నావయ్యా జనానికి?"

బసవయ్య రోలు దగ్గర నుంచి లేవనైనా లేవలేదు. "మార్త నా గుమ్మం తొక్కలేదు షబ్బీరూ. మరి ఆవిడెట్లా పోయింది? నన్నడిగేముందు మీ ఇంట్లో వెతుక్కో."

మార్త జ్ఞాపకార్థ కూటం అయిన మర్నాడు మరియదాసు వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు.

"బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పెద్ద డాక్టరుకి చూపించామండీ ఆఖర్లో. నీళ్లెక్కడ తాగారని అడగలేదాయన. సూదెక్కడ వేయించుకున్నారని అడిగాడు."

షబ్బీరు స్టవ్వు మీది డబ్బా వైపు చూశాడు.

"కామెర్లు రెండు మూడు రకాలంటండీ. ఒకటి నీళ్లలోంచి వస్తదంట. ఇంకోటి రక్తంలోంచి రక్తంలోకి పాకుతదంట. సూదిమొన మీద కంటికి కనపడనంత నెత్తురున్నా చాలంట. రెండు మూడు నెలలు ఒంట్లో దాక్కుని, అప్పుడు కళ్లలోకి వస్తదంట."

"నువ్వేం చెప్పావు?"

"మా డాక్టరు గారిది చాలా మంచి చెయ్యండీ అన్నాను."

తిట్టినా బాగుండేది. మరియదాసు వెళ్లాక షబ్బీరుకి సంక్రాంతి వెళ్లిన వారం గుర్తొచ్చింది. ఊరంతా జ్వరాలు. హైవే మీద లారీ ఆగిపోయి, దాని క్లీనరు కుర్రాడు వచ్చాడు, కళ్లు కాస్త పచ్చగా. వాడికి వేశాడు. వాడి పక్కన వెంకటప్పయ్య. ఆ పక్కన రత్తయ్య. ఆ పక్కన మార్త. బెంచీ మీద కూర్చున్న వరసలోనే వేశాడు. ఆ వరసలోనే పోయారు.

ఆ రోజు నుంచి స్టవ్వు వెలిగించలేదు.

నాలుగోరోజు పొద్దుట్నుంచీ ఒకటే వాన. ఎనిమిదేళ్ల కూతురు ఆస్రాకి ఒళ్లు కాలిపోతోంది. మాత్ర వేశాడు, తడిగుడ్డ వేశాడు. సందెవేళకి కరెంటు పోయింది.

"సూది వెయ్యండి," అంది భార్య గుల్షన్.

"వద్దు."

"ఊరందరికీ వేసిన చెయ్యి కన్నబిడ్డ దగ్గరకొచ్చేసరికి పడిపోయిందా? ఎందుకొద్దో చెప్పండి."

చెప్తే ముగ్గుర్ని చంపానని ఒప్పుకోవాలి. తప్పించుకోడానికి లాంతరు తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. చూరు కింద నిలబడి బీడీ వెలిగించబోయాడు.

అప్పుడు వచ్చింది స్పిరిటు వాసన. తడిమట్టి వాసనని చీల్చుకుంటూ, ముందుగది నుంచి...

తర్వాత చప్పుడు.

టక్... టక్... టకటకటక...

ఆరిపోయిన స్టవ్వు మీద డబ్బా మరుగుతోంది.

గోడ పక్కగా నడిచి ముందుగది గుమ్మంలో లాంతరెత్తాడు. స్టవ్వులో మంట లేదు. డబ్బా మూత మాత్రం ఎగిరెగిరి పడుతోంది. బెంచీ మీద... మనుషులు. తలలు వంచుకుని, ఎడం చేతుల మీద బట్ట పైకి మడుచుకుని, ఓపిగ్గా కూర్చున్నారు. వానలో వచ్చినవాళ్లలా లేరు. కింద ఒక్క తడి అడుగైనా లేదు.

ఒక తల పైకి లేచింది. కళ్లు పసుపునీళ్లలా ఉన్నాయి.

"వంతు ప్రకారమే వచ్చామండీ..." ఆడగొంతు, గుసగుసగా. మార్తది. "మీ చెయ్యి మంచిదండీ..."

వెంకటప్పయ్య కాస్త జరిగాడు. పక్కనున్నవాళ్లకి చోటిచ్చినట్టు.

బెంచీ చివర చిన్న కాళ్లు... నేలకి అందకుండా ఊగుతున్నాయి.

ఆస్రా. గౌను చెయ్యి మడుచుకుని ఉంది.

"బాబా, వెంకటప్పయ్య తాత ఇక్కడ కూర్చోమన్నాడు..."

షబ్బీరు ఒక్క అంగలో పిల్లని లాక్కుని లోపలికి పరిగెత్తాడు. మంచం మీద పడుకోబెట్టాడు. గుల్షన్ గుడ్డ పిండుతూ గిన్నె మీంచి తలెత్తింది. "ఇప్పుడేగా ఇటు తిరిగాను, ఇది ఎప్పుడు లేచింది?"

"తలుపేసుకో. ఎవరు పిలిచినా తియ్యొద్దు."

ముందుగదిలో బెంచీ ఖాళీగా ఉంది. డబ్బా పట్టుకుంటే అరచేతులు కాలాయి. చొక్కాలో చుట్టుకుని, ఒట్టి ఒంటితో వానలో కాలవగట్టుకి పరిగెత్తాడు. చొక్కాతో సహా నీళ్లలోకి విసిరాడు. అది మునిగేదాకా నిలబడి చూశాడు. అటునుంచటే మరియదాసు ఇంటికి వెళ్లి తలుపు తట్టాడు.

"నీ ట్రాక్టరు కావాలి. నా బిడ్డని బెజవాడ చేర్చు."

మరియదాసు ఆయన మొహం చూశాడు. తాళంచెవి తీసుకున్నాడు.

పిల్లతో, గుల్షన్‌తో జంక్షన్ దాకా ట్రాక్టరు, అక్కణ్ణుంచి బస్సు. మరియదాసిచ్చిన దుప్పటి కప్పుకుని, పిల్లని ఒళ్లో పెట్టుకుని దారంతా దాని కళ్లే చూస్తూ కూర్చున్నాడు షబ్బీరు. తెల్లగానే ఉన్నాయి. ఆ సూది దీనికి తగల్లేదు. ఆ ఒక్క మాటే లోలోపల జపంలా అనుకున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. "మలేరియాలా ఉంది, తగ్గిపోతుంది. ఎందుకైనా మంచిది, రక్తం చూద్దాం," అంటూ గౌను చెయ్యి పైకి మడిచింది. మడిచి ఆగింది.

"ఇవాళ ఇంజక్షన్ ఎవరు చేశారు?"

ఎడం భుజం మీద ఎర్రటి చుక్క. దాని మీద అంటుకుని ఇంకా తడారని దూది. స్పిరిటు వాసన.

షబ్బీరు ఆ దూదిని వేలితో ముట్టుకున్నాడు. గుల్షన్ ఆయన వైపు వింతగా చూసింది.

"మీరే కదండీ," అంది.

"కొత్త సూదేనా?" అడిగింది డాక్టరమ్మ. జవాబు రాకపోయేసరికి చీటీ మీద ఏదో రాసింది. "మూడు నెలలాగి మళ్లీ తీసుకురండి. ఈ పరీక్ష అప్పుడు ఇంకోసారి చెయ్యాలి."

ఆవిడ వెళ్లాక షబ్బీరు భార్య చెయ్యి పట్టుకున్నాడు. "తలుపు తియ్యొద్దన్నాను కదా."

"మీరు ట్రాక్టరుతో వచ్చేదాకా తియ్యలేదండీ. గడియ పెట్టి ఇటు తిరిగేసరికి మీరు మంచం పక్కనే ఉన్నారు. మనసు మార్చుకున్నారనుకున్నా." గుల్షన్ గొంతు తగ్గింది. "వీపే కనపడింది. ఒక్క మాటైనా మాట్లాడలేదు మీరు. అంత వానలో బయటికెళ్లి వచ్చారు కదా... చొక్కా ఎట్లా పొడిగా ఉందా అని..."