వెనక ఓడ

“ఏటే ఆ సరుకు? ఎవులికి తోలుతున్నావు? నోరిప్పి సెప్పు!”

యుగంధర్ అరుపుకి వసారా ముందు ఆరబోసిన జీడిగింజల దగ్గర తిరుగుతున్న కోళ్లు కూడా చెదిరిపోయాయి. ప్రమోదిని చేతిలో చేట అలాగే ఉండిపోయింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ భర్త కోపం ఆమెకు కొత్త కాదు... కానీ ఇవాళ ఆ కళ్లలో ఉన్నది కోపం కాదు, అనుమానం! అరుగు మీద కూర్చున్న అతని చిన్నాన్న మల్లేశ్వరరావు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, తాను చెప్పాల్సింది చెప్పేశానన్న తృప్తితో ఉన్నాడు.

“నా సెవుల్తో ఇన్నాన్రా!” అన్నాడు మల్లేశ్వరరావు మళ్లీ. “మీ కొబ్బరితోటలో నిలబడి ఫోన్లో సెప్తంది... ‘ఆదివారం మద్దేన్నం లోడెత్తండి, ఆ దారిలో దొంగలు కాత్తన్నారు, ఈ దారినే తెండి’ అని! అసలే ఒడిశా బోడరు మనకి దగ్గిర. ఏ గంజాయో, ఏటో... రేపు పోలీసులొత్తే పరువెవులిది?”

“ఓలమ్మో!” అంటూ వంటింటి గుమ్మంలో చతికిలబడిపోయింది అత్తగారు జగదాంబ.

అంత భయంలోనూ ప్రమోదినికి నవ్వొచ్చింది. “గంజాయి కాదు సిన్నమావా! ఇనుము, మందులు, మంచినీళ్లు. అవి కూడా భూమ్మీద కాదు, ఆకాశంలో!” అంటూ ఫోను తీసి వాళ్ల ముందు పెట్టింది.

అదొక ఆట. ఫోన్లో ఆడేది. చుక్కల మధ్య ఓడలు తిరుగుతుంటాయి. ఎక్కడో దూరాన ఒక కొత్త స్థావరం కట్టాలి. దానికి కావలసిన సరుకంతా ఒక జట్టుగా చేరి, తలా ఒక ఓడలో ఎత్తుకుని, దారికాచే దొంగలను తప్పించుకుంటూ చేర్చాలి. ఆ జట్టును కూడగట్టింది ప్రమోదినే! టెక్కలిలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఆమె తమ్ముడు ఢిల్లీరావు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసే గౌరీశ్వరి, చెన్నైలో ఉద్యోగం వెలగబెడుతున్న రవికుమార్, ఇంకా నలుగురైదుగురు... ఎవరు ఏ సరుకెత్తాలి, ఎవరు ముందు నడవాలి, ఎవరు కాపలా కాయాలి, అన్నీ ఆమె చెప్పినట్టే.

“ఆటా?” యుగంధర్ ముఖం ఇంకా నల్లబడింది. “ఊళ్లో మొగోళ్లతో ఆకాశంలో తిరుగుతన్నావా? ఇదిగో, సెప్తన్నాను. ఆ ఆట ఇప్పుడే, నా ముందరే తీసీ. నేదంటే బట్టలు సర్దుకుని మీ టెక్కలి ఎలిపో!”

ప్రమోదినికి భయం వేసింది... తన కోసం కాదు! ఆ ఓడల్లో ఒక ఓడ ఉంది. దాని పేరు ‘కెరటం’. ఆ ఓడ ఎవరిదో ఈ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. అది శ్రావణిది! ఈ ఇంటి ఆడపిల్లది! భావనపాడులో పడవల ఇంజన్లు బాగుచేసే రాజేష్‌ని, కులం కాని కుర్రాడిని, ఇష్టపడి పెళ్లి చేసుకున్న పాపానికి, బతికున్న కూతురికి జగదాంబ పెరట్లో తలస్నానం చేసి నీళ్లు వదిలేసింది. “నాకు కూతురు నేదు!” అంది. ఆ పూట నుంచి ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. భార్య ఫోన్లో ఎవరెవరికి కాల్ వెళ్లిందో యుగంధర్ రోజూ చూసేవాడు. ఆటో ఎక్కితే గంటలో చేరే ఊరు... సముద్రానికి అవతల ఉన్నట్టయిపోయింది! అప్పుడు ఢిల్లీరావు చూపించిన దారి ఈ ఆట. పురుడు పోసుకున్నప్పుడు శ్రావణికి ఎవరూ తోడు లేరని, బిడ్డకు అమ్మమ్మ పోలికే వచ్చిందని, అన్నీ ఈ ఆటలోనే, రెండు మూడు ముక్కల్లో రాసుకునేవారు వదినా మరదళ్లు. శ్రావణి ఎప్పుడూ గొంతు విప్పేది కాదు. పుట్టింటి వసారాలో తన గొంతు వినబడితే వదిన కాపురం ఏమవుతుందోనని ఆ పిచ్చితల్లి భయం!

ఇప్పుడు ఈ ఆట తీసేస్తే? ఆ పిల్లకు ఈ ఇంటితో ఉన్న ఆ ఒక్క దారమూ తెగిపోదూ!

ప్రమోదిని లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు కొంగుతో తుడుచుకుంది.

“తియ్యను,” అంది.

“ఏటన్నావు?”

“తియ్యనన్నాను. ఇయ్యాల మద్దేన్నమే ప్రయాణం. అంతమంది నా మాట మీద సరుకెత్తినారు. నాను దొంగతనం సెయ్యనేదు, తప్పుపని సెయ్యనేదు. ఇక్కడే, ఈ వసారాలో, మీ అందరి ముందర స్పీకరెట్టి ఆడతాను. సిన్నమావా, నువ్వు కూడా కూకో! సెవులారా ఇను! అది అయినాక ఎల్లమంటే ఎలిపోతాను. ఈలోగా మాత్రం నాను కదల్ను!”

ఆ ఇంట్లో ఏ ఆడదీ అలా మాట్లాడి ఎరగదు. యుగంధర్ చెయ్యెత్తబోయి, భార్య చూపు చూసి, దించుకున్నాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వసారాలో చాప మీద కూర్చుంది ప్రమోదిని. ఫోన్లోంచి గొంతులు ఒక్కొక్కటే పలకసాగాయి. “అక్కా, నాది ఇనుము, సిద్ధం!” “మందులు నా దగ్గిరున్నాయే అక్కా!” యుగంధర్ గుంజకానుకుని పళ్లు కొరుకుతున్నాడు. మల్లేశ్వరరావు తప్పు దొరుకుతుందేమోనని చెవులు రిక్కించాడు. జగదాంబ మాత్రం గింజలు ఏరుకుంటూనే మెల్లగా జరిగి జరిగి కోడలి భుజం పక్కకు చేరింది.

“ఆ సుక్కలేటే?”

“అయ్యి మన ఓడలు అత్తా. అదుగో, ఆ ఎర్రగా అగుపిస్తన్నాది ద్వారం. అది మూసీలోగా అందరూ దాటాల. ఒక్క సరుకు తక్కువైనా స్థావరం లేవదు.”

“మరి ఆ ఎనకాల ఒక్కటే మినుకు మినుకుమంటాది... అదెవులిది?”

ప్రమోదిని అత్త వంక చూడకుండా చెప్పింది. “అది... మంచినీళ్ల ఓడ అత్తా. సముద్రపొడ్డున ఉంటాది దాన్ని నడిపే ఆడగుంట. సిగ్నలు సరిగ్గా అందదు. అందుకే ఎనకబడిపోనాది.”

ఇంతలో రవికుమార్ గొంతు తొందరపడింది. “అక్కా, దొంగలొచ్చేస్తన్నారు! ద్వారం మూసీసే టైమైపోనాది. కెరటాన్ని ఒగ్గేద్దాం. ఒక్క ఓడ పోతే పోనీ, మన ప్రాణాలు దక్కుతాయి!”

“అవునే అక్కా, ఎల్లిపోదాం,” అన్నాడు ఢిల్లీరావు కూడా, అసలు సంగతి తెలిసి కూడా, అక్క కాపురం గురించి భయపడి.

తెర మీద కెరటం నుంచి వచ్చిన వాక్యం ఒకటి మెరిసింది. ప్రమోదిని దాన్ని పైకి చదవబోయి, చదవలేక చదివింది. “‘నన్ను వదిలేసి వెళ్లిపోండి... నాకు అలవాటే.’”

జగదాంబ చేతిలో గింజలు జారిపోయాయి.

“అలవాటేటి? ఒగ్గేత్తే అలవాటైపోద్దేటి ఎవులికైనా?” ముసలామె ఒక్కసారిగా ఫోను మీదికి వంగింది. “ఓరి మీ జిమ్మడ! మా మావ బళ్ల మీద కొబ్బరికాయలు పలాస తోలినప్పుడు, ముందుబండి రైలుగేటు దగ్గిర ఆగిపోయీది. ఎనకబండి అగుపించీదాకా గేటు దాటీవోరు కారు! సంత పోయినా సరే, కాయ కుళ్లినా సరే! ఆగండర్రా! ఆడకూతుర్ని దొంగల పాల్జేసి ఎలిపోతారేటి? సిగ్గు నేదూ మీకు!”

“అందరూ ఎనక్కి తిరగండి!” అంది ప్రమోదిని, ఓడలన్నీ వెనక్కి తిరిగాయి. అప్పుడు... స్పీకర్లో ఏదో గరగర... గాలి హోరు... ఆ హోరులోంచి ఒక సన్నని గొంతు...

“అమ్మా...!”

ఆ వసారాలో అందరూ ఎరిగిన గొంతు అది.

“అమ్మా... నన్ను ఒగ్గొద్దన్నావా? నువ్వేనా అన్నావు?”

యుగంధర్ ఒక్క అంగలో వచ్చి ఫోను లాక్కోబోయాడు. ప్రమోదిని దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుంది. “ముట్టుకోకండి! అవును, మీ సెల్లెలే! ఇన్నాళ్లూ దాని ఏడుపు నానే ఇన్నాను. దానికి కూతురు పుట్టినాదని తెలుసా మీకు? మీ అమ్మ పోలికని తెలుసా? నన్ను టెక్కలి తోలేత్తారా, తోలేయండి! ఏ ఊళ్లో ఉన్నా నాను దాన్ని ఒగ్గను!”

జగదాంబ చేయి చాచింది. కోడలు కాదనలేదు. ఫోనును పసిబిడ్డలా పట్టుకుంది ఆ తల్లి.

“నువ్వని ఎరగక అన్నాను గుంటా...” అంది. “ఎరిగుంటే... నా పాడు నోరు ఆ మాట అననిచ్చీదో నేదో! ఎరగక అన్నాను గాబట్టే అనగలిగినాను తల్లీ...!”

అటు నుంచి శ్రావణి వెక్కిళ్లు వినపడ్డాయి. ఆ వెక్కిళ్ల మధ్యలోంచి రవికుమార్ గొంతు దిగులుగా పలికింది. “ద్వారం మూసీసినాది అక్కా. సరుకంతా పోనాది.”

“పోనీరా!” అంది గౌరీశ్వరి ముక్కు చీదుకుంటూ. “మళ్లీ ఎత్తుదాం.”

జగదాంబ లేచింది. చీర చెంగుతో ముఖం తుడుచుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టింది. “ఒరే, బండి తియ్యి. భావనపాడు ఎల్లాల.”

“నీకు మతిపోనాదేటి?” అన్నాడు యుగంధర్. “ఆ గడప తొక్కితే మళ్లీ ఈ గడప తొక్కకు!”

“ఆ మాట పెళ్లాన్ని అన్నావు, పడినాది. నన్ను అనకు,” అంది జగదాంబ, అరవకుండా. “ఈ గడప నిలబెట్టిన నాడు పసుపు రాసింది నాను. ఈ ఇంటికి ఎవులు రావాలో, ఎవులు పోవాలో నాను సెప్తాను. నా కోడలు ఎక్కడికీ పోదు. నా కూతురు ఎప్పుడొచ్చినా వత్తాది. నచ్చనోళ్లు ఆ అరుగు దిగి ఎల్లొచ్చు!”

మల్లేశ్వరరావు తువ్వాలు భుజాన వేసుకుని గబగబా దిగిపోయాడు. యుగంధర్ మాత్రం కదల్లేదు. బండి తాళం ఇవ్వనూ లేదు, తల్లికి ఎదురు చెప్పనూ లేదు. తలుపు పక్కన తల వంచుకుని నిలబడిపోయాడు. అతని కోసం ఆ ఆడవాళ్లిద్దరూ ఆగలేదు.

రోడ్డు మీదికొచ్చి ఆటో ఆపారు. దారంతా జగదాంబ కోడలి చేయి వదల్లేదు. ఊరు దగ్గరపడి, ఎండుచేపల వాసన గాలిలో తగలగానే, అంతసేపూ అంత బింకంగా ఉన్న ముసలామె చిన్నపిల్లలా కోడలిని ఆనుకుంది.

“ప్రమోదినీ... ఆ గుంట నన్ను లోపలికి రానిత్తాదేటే?”

ప్రమోదిని అత్తగారి చేతిని తన ఒడిలోకి తీసుకుంది.

“రానీకపోతే గుమ్మంలోనే కూకుందాం అత్తా! రానిచ్చీదాకా లేవొద్దు!”