ఒక ఛాయ ముదురు ఆకుపచ్చ

బతిస్తా కోల్జానీని అతని దబ్బనంతోనే చంపారు.

ఉదయం ఏడుంబావు. ఇటలీలో మిలాన్ పక్కనున్న ఫర్నిచర్ పనివాళ్ల ఊరు మేదాలో దుకాణాలు ఇంకా షట్టర్లు ఎత్తలేదు. యాభై ఏళ్లుగా కుర్చీలకీ సోఫాలకీ బట్ట బిగించిన ఆ ముసలాయన తన పనిబల్ల మీదే వెల్లకిలా పడి ఉన్నాడు. అడుగు పొడవున్న దబ్బనం ఎడమ చెవి కింద దిగి, కుడివైపు రెండంగుళాలు బయటికి వచ్చింది. చిరిగిన గోనెసంచిలోంచి సీట్లలో కూరే గుర్రపు వెంట్రుకలు నల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా నేల మీదికి రాలి నెత్తుట్లో నాని గడ్డకట్టాయి. కుడిచేతి వేళ్లు మూడు విరిగి వెనక్కి వంగి ఉన్నాయి.

ఒర్సోలా గెజ్జీ గొంతుక్కూర్చుని ఆ వేళ్లనే చూస్తోంది. ఆమెకు నలభై ఏడేళ్లు. ప్రభుత్వ గూఢచారి శాఖలో పంతొమ్మిదేళ్ల సర్వీసు. అంతకుముందు ఇదే ఊళ్లో తండ్రి దుకాణంలో, నోట్లో మేకులు పెట్టుకుని సోఫాలు కుట్టింది.

"ఏదో పని చెయ్యమన్నారు. చెయ్యనన్నాడు," అంది.

"ఎలా చెప్తున్నావ్?" అన్నాడు ఆమె పైఅధికారి, కల్నల్ తార్చీసియో నావా. ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఎన్నేళ్లయినా ఆయన రక్తం చూడలేడు.

"పనివాడి వేళ్లు విరిచారంటే గొడవ పని గురించే కదండీ. ఆఖరున ఏం కుట్టాడీయన?"

"ఎనిమిది కుర్చీలు. ఆకుపచ్చ వెల్వెట్. నిన్న సాయంత్రం మిలాన్ వెళ్లాయి. డిజైన్ దెల్ఫీనా మోల్గొరాది."

ఒర్సోలా తలెత్తింది. "ఇంజనీర్ ఎర్మెస్ గారి భార్యా?"

"ఆవిడే."

ఎర్మెస్ మోల్గొరా ఎవరో ఆ శాఖలో అందరికీ తెలుసు. విదేశాలకు వెళ్లే దీపాల్లోనూ కాఫీ మెషిన్లలోనూ క్షిపణి భాగాలు దాచి పంపుతున్న విదేశీ ముఠాను కనిపెట్టింది ఆయనే. ఆ రోజు నాలుగింటికి జడ్జి ముందు నోరు విప్పబోతున్నాడు. ఆయన లేకపోతే కేసే లేదు. ఒంటిగంటకి మాత్రం భార్య కొత్త కుర్చీల ప్రదర్శన, వాటి మీదే ఎనిమిది మందికి భోజనం.

"ఆ భోజనం ఆపించండి."

"అడిగాను. ఏమన్నాడో తెలుసా? 'ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ప్రదర్శనలన్నీ ఎగ్గొట్టాను కల్నల్. దీన్నీ ఎగ్గొడితే ముఠా దాకా ఎందుకు, ఆవిడే నన్ను చంపేస్తుంది' అన్నాడు."

"పిరికి మొగుడన్నమాట."

"ప్రాణాలతో ఉన్న మొగుడు. అలాగే ఉంచు." కల్నల్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఆ ఇంట్లో బాంబు పెట్టి ఉంటారు, యూనిఫామ్ కనబడిందంటే వెంటనే పేల్చేస్తారు. నువ్వు కుర్చీలు సరిచూసే దుకాణం మనిషిలా వెళ్లు. బాంబు స్క్వాడ్ పక్కవీధిలో వ్యానులో ఉంటుంది. లోపల మన ఏజెంట్ ఉంది. పేరు ఇజొత్తా. ఆర్నెల్లుగా ముఠాలో మనిషిలా తిరుగుతోంది."

కోడ్ మాటలు చెప్పాడు. చేతిలో ఒక కొలత టేపు పెట్టాడు. మూడు మీటర్ల దాకా లాగితే కొలత, ఇంకా లాగితే ఉక్కు తీగ.

*

ఏప్రిల్‌లో ఫర్నిచర్ సంత జరిగే ఆ వారం మిలాన్‌లో ఎవరూ మామూలు కుర్చీలో కూర్చోరు. భోజనం ఏర్పాటైన ఇల్లు మూడో అంతస్తులో ఉంది. తలుపులకి పిడుల్లేవు, గోడలో గోడలా కలిసిపోయి, సరైన మూల నొక్కితేనే తెరుచుకుంటాయి. మెట్లకి చేతిపట్టు లేదు. అందం చెడుతుందని పెట్టలేదు. ఆ ఇంట్లో ముసలివాళ్లూ పసిపిల్లలూ ఎలా బతుకుతారో డిజైన్ చేసినవాడు ఆలోచించి ఉండడు, అనుకుంది ఒర్సోలా.

పన్నెండున్నరకి మెట్ల పైన నిలబడి ఉన్న మనిషిని చూస్తే ఎవరూ పేరు అడగక్కర్లేదు. ముప్పై రెండేళ్లు, తెల్లటి అల్లిక స్వెటరు, మెడచుట్టూ మందపాటి పట్టు కాలరు. ఆ కాలరు ఇజొత్తా సొంత డిజైన్. స్కూటర్ మీంచి పడితే రెప్పపాటులో గాలి నిండి తలను బుడగలా కప్పేస్తుంది. నగరంలో సగం మంది ఆడవాళ్లు దానికోసం వరుసలో ఉన్నారు.

ఒర్సోలా పనిసంచి కింద పెట్టింది. "ఈ ఆకుపచ్చ ఈ ఏడాదికి పోయిందటగా?"

"పోలేదు. పేరు మార్చుకుంది," అంది ఇజొత్తా. కల్నల్ చెప్పిన కోడ్ జవాబు అదే. గొంతు తగ్గించింది. "లేటయ్యావ్ అక్కా. బాంబు భోజనం బల్ల పైన వేలాడే దీపంలో ఉంది. రిమోట్ క్రోన్ దగ్గర. వంటవాడి వేషం. ఒక్కడే. నువ్వు వంటిల్లు చూసుకో, దీపం నేను చూసుకుంటా."

"వాడి దగ్గర ఆయుధమేమైనా ఉందా?"

"వంటింట్లో ఉన్నాడు కదా. అన్నీ ఆయుధాలే."

వంటింట్లో పొయ్యి కనబడలేదు. ఒక పొడవాటి నల్లరాతి బండ, దాని మీద దేని సాయమూ లేనట్టు కుంకుమపువ్వు అన్నం కుతకుతా ఉడుకుతున్న గిన్నె. గరిట పట్టుకున్నవాడు ఆరడుగులు దాటి ఉన్నాడు. ఏప్రన్ మల్లెపువ్వులా ఉంది. ఎనిమిది మందికి వండుతున్నవాడి ఏప్రన్ మీద ఒక్క మరక లేకపోవడం ఏమిటి?

"ఒక కుర్చీ కాలు ఊగుతోందండీ. చిన్న చీల ఏదైనా ఉందా?" అంటూ దగ్గరికి వెళ్లింది.

క్రోన్ నవ్వాడు. నవ్వుతూనే గోడ అయస్కాంతానికి అంటి ఉన్న కత్తి లాగి అడ్డంగా విసిరాడు. ఒర్సోలా చెయ్యి అడ్డం పెట్టింది. ముంజేయి మణికట్టు నుంచి మోచేతి దాకా చీలింది. వ్యానులోవాళ్లకి వినబడేలా ఛాతీ మీది బ్రోచ్‌లో దాచిన మైకు రెండు ముక్కలైంది. రెండో వేటు పడేలోపు ఆమె గిన్నె రెండు చెవులూ పట్టుకుని ఎత్తి వాడి ముఖాన బోర్లించింది.

అరుపు గోడల్లో ఇంకిపోయింది. మెత్తటి గుడ్డ పరిచిన గోడలవి, చప్పుడు బయటికి పోదు. ఉడుకుతున్న అన్నం కనురెప్పలకి అతుక్కుని ఊడటంలేదు. క్రోన్ కత్తి వదిలేసి గుమ్మంకేసి పరుగెత్తాడు. గుమ్మం ఎక్కడ? పిడి కోసం రెండు చేతులతో గోడంతా తడుముతున్నాడు. నునుపైన గోడ. పైనా లేదు, కిందా లేదు.

"ఇంకొంచెం ఎడమకి," అంది ఒర్సోలా, వెనకనుంచి టేపు లాగుతూ.

తీగ మెడలో పడింది. వీపు మీద మోకాలు ఆనించి లాగింది. వాడి మడమలు నేలను తన్నాయి, తన్నాయి, జారాయి. చిట్టచివర ఒక్కసారి అదిరి ఆగిపోయాయి. ఆమె అరచేతులు తెగి రక్తం కారుతున్నాయి.

కుడి జేబులో రిమోట్ దొరికింది. వెనక మూత తీసింది. బ్యాటరీలు లేవు. పిల్లల బొమ్మకీ దానికీ తేడా లేదు.

ఎడమ జేబులో ఇంకోటి. కుర్చీ అడుగున మేకులు పీకే పనిముట్టు. పిడి మీద బతిస్తా పేరులోని మొదటి అక్షరం చెక్కి ఉంది. కొన పళ్ల మధ్య ఆకుపచ్చ వెల్వెట్ పీచు.

దీపం కాదు. కుర్చీ.

గోడ తెరుచుకుంది. ఇజొత్తా, చేతిలో సైలెన్సర్ పిస్తోలు.

"ఏంటక్కా ఇంత తొందర? వాడు నిన్ను ఇంకో అరగంట ఆపాల్సింది." నేల మీది శవాన్ని చూసి పెదవి విరిచింది. "మగాళ్లకి ఏ పని అప్పజెప్పినా ఇంతే."

ఒర్సోలా చూపు తెల్ల స్వెటరు మోచేతి దగ్గర ఆగింది. అల్లికలో చిక్కుకున్న ఒక నల్లటి ఉంగరాల వెంట్రుక. గుర్రానిది.

"ముసలాయన వేళ్లు నువ్వే విరిచావా?"

"రెండు. మూడోది క్రోన్ విరిచాడు. డెబ్బై ఏళ్లొచ్చినా ఎంత మొండితనమో! 'నా కుర్చీలో మనుషులు కూర్చుంటారు, చావు కాదు' అన్నాడు. మేమే విప్పి, మేమే బిగించుకున్నాం." గడియారం చూసుకుంది. "ఎనిమిదింట్లో ఒకటి. దానిమీద ఎవరి బరువు పడినా గదంతా లేచిపోతుంది. నేను వీధి మలుపు దాటితే చాలు. సారీ అక్కా."

పేల్చింది. గుండు ఒర్సోలా ఎడమ చెవి తమ్మెను ఎగరగొట్టి గోడలో దిగింది. అదే ఊపులో ఒర్సోలా నడుముకున్న సుత్తి లాగి ఇజొత్తా మెడ ఎముక మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు. వెంటనే ఇంకో చప్పుడు, ఎవరో పెద్ద ఊపిరి వదిలినట్టు.

కాలరు పనిచేసింది. ఇంత పెద్ద తెల్లటి బుడగ తల మొత్తాన్ని కప్పేసింది. లోపల ఇజొత్తా తిడుతోంది, మాటలు మాత్రం గుడ్డలో కుక్కినట్టు వినబడుతున్నాయి. కళ్లు కనబడక వరసగా మూడు గుళ్లు పేల్చింది, వెనక్కి అడుగులేసింది, తెరిచి ఉన్న గుమ్మం దాటింది, మెట్ల అంచుకొచ్చింది. చేతిపట్టు కోసం ఒక చెయ్యి చాపింది. ఆ ఇంట్లో చేతిపట్టు లేదు.

మూడు అంతస్తులు. తలకి మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

*

పన్నెండు యాభై తొమ్మిది. మెట్ల మీద పడి ఉన్న పిస్తోలు తీసుకుని ఒర్సోలా భోజనం గదిలోకి దూసుకెళ్లింది. ఒంటిమీద రక్తం, ఏప్రన్ నిండా పసుపుపచ్చటి అన్నం మెతుకులు.

"కూర్చోవద్దు! కుర్చీలో బాంబుంది! అందరూ బయటికి!"

ఎనిమిది ముఖాలు ఆమెవైపు తిరిగాయి. తర్వాత చప్పట్లు.

"బ్రావా! చెవి చూశావా, ఎంత సహజంగా చేశారో," అందొక పత్రికావిడ పక్కవాడితో, ఫోను తీస్తూ. సంత వారంలో ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక నాటకం ఉంటుంది. ముందురోజు ఒకడు గంటసేపు ఫ్రిజ్‌తో పోట్లాడితే జనం కళ్లు తుడుచుకున్నారు.

ఒర్సోలా పైకప్పులోకి ఒక గుండు పేల్చింది. సున్నం రాలి ప్లేట్లలో పడింది. చప్పట్లు రెట్టింపయ్యాయి.

"కూర్చోవద్దంటోంది కాబట్టి కూర్చోవాలన్నమాట. భలే!" అంటూ లావుపాటి విమర్శకుడొకడు కుర్చీ లాక్కుని చతికిలబడ్డాడు. ఏమీ కాలేదు. పత్రికావిడ కూర్చుంది. పక్కనున్నవాడు కూర్చున్నాడు. వరసగా ఆరుగురు. బల్ల ఆ చివర నుంచి ఆమె వాళ్లను తోసుకుంటూ పరుగెత్తుతోంది. ఎవరో ఆమెతో కలిసి ఫొటో దిగబోయారు.

మిగిలినవి రెండు కుర్చీలు, కిటికీ పక్కన, పక్కపక్కనే. ఒకదాని ముందు దెల్ఫీనా, ఒకదాని ముందు ఎర్మెస్.

"ఎవర్నువ్వు? నా భోజనానికి నాటకం ఎవరు పెట్టమన్నారు?" దెల్ఫీనా మండిపడుతోంది. "ఎర్మెస్, నువ్వా?"

"నేనెందుకు పెడతాను దెల్ఫీ? నువ్వు ముందు కూర్చో, అన్నం చల్లారుతుంది," అన్నాడాయన భార్య కుర్చీని మర్యాదగా వెనక్కి లాగుతూ. అలా అంటూనే తన కుర్చీ మీదికి వాలుతున్నాడు. ఆవిడా విసురుగా కూర్చోబోతోంది. ఇద్దరూ ఒకేసారి.

పట్టుకోగలిగితే ఒక్కర్నే పట్టుకోగలదు.

కిటికీలోంచి ఎండ రెండు సీట్ల మీదా సమానంగా పడుతోంది. ఎర్మెస్ సీటు లేత ఆకుపచ్చ. దెల్ఫీనా సీటు ఒక్క ఛాయ ముదురు.

వెల్వెట్‌కి నూగు ఉంటుంది, నూగుకి వాలు ఉంటుంది, పిల్లి వీపులాగా. సీటుకి బిగించేటప్పుడు ఆ వాలు వెనకనుంచి ముందుకి రావాలి. తిరగేస్తే అదే బట్ట, అదే రంగు, ముదురుగా కనిపిస్తుంది. నలుచదరపు సీటు కదా, ఎటు తిప్పినా మేకులకి సరిపోతుంది. మేదాలో ఈ సంగతి నడక నేర్చేలోపే తెలుస్తుంది. బతిస్తా చేతులు నిద్రలో కూడా ఆ తప్పు చెయ్యవు.

ఒర్సోలా ఎర్మెస్‌ని వదిలేసింది.

దెల్ఫీనా నడుము పట్టుకుని అడ్డంగా గెంటింది. ఇద్దరూ గ్లాసుల బల్లతో సహా నేల మీద పడ్డారు. ఆవిడ మణికట్టు పటుక్కుమంది. పడుతూ పడుతూ ఒర్సోలా కళ్లు గట్టిగా మూసుకుంది. వెనక ఎర్మెస్ బరువు స్ప్రింగుల మీద పడిన చప్పుడు.

కిర్రు. అంతే.

కళ్లు తెరిచింది. ఎర్మెస్ తన కుర్చీలో కూర్చుని బిత్తరపోయి చూస్తున్నాడు. పక్కన ఖాళీ కుర్చీ. అందరూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు, పది నిమిషాల తర్వాత బాంబు స్క్వాడ్ వచ్చి సీటు విప్పి బూడిదరంగు ముద్దనీ వైర్లనీ బయటికి తీసేదాకా. అప్పుడు మాత్రం ఆ మెట్లు పరుగున దిగుతూ ఒక్కరూ చేతిపట్టు కోసం వెతకలేదు.

*

ఎర్మెస్ నాలుగింటికి జడ్జి ముందు కూర్చున్నాడు. మూడు గంటలు మాట్లాడాడు. తెల్లారేసరికి తొమ్మిదిమంది అరెస్టు.

చెవికి ఏడు, చేతికి ఇరవై రెండు కుట్లతో ఒర్సోలా ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉండగా మధ్యాహ్నం ఫోను మోగింది. దెల్ఫీనా.

"మణికట్టుకి కట్టు కట్టారు. మిమ్మల్ని క్షమించాను. నా మొగుడు బతికున్నాడు, అందుకు థ్యాంక్స్. ఇంకో సంగతి. నిన్న సాయంత్రం నుంచి ముప్పై ఆర్డర్లొచ్చాయి. అందరికీ ఒక కుర్చీ ముదురుగా ఉన్న సెట్టే కావాలట. నా పనివాళ్లెవరూ వెల్వెట్ తిరగేసి బిగించనంటున్నారు, చేతులు రావంటున్నారు. అలా బిగించగలవాళ్లు మీకెవరైనా తెలుసా?"

"ఇద్దరు తెలుసండీ," అంది ఒర్సోలా. "నిన్ననే చంపేశాను."