అబ్రహాం బిల్ల తీసిన రోజు

మా పవర్‌హౌస్ పెద్దదేం కాదు. పెద్దపల్లి దాటినంక కాలువ ఒక్కకాడ ధబ్బున కిందికి దుంకుతది, ఆడ రెండు మిషిన్లు పెట్టి కరెంటు తీస్తుంటిమి. మిషిన్ నడిపేటోన్ని నేను, బక్కయ్యను. చుట్టూ వరి మడులు, కప్పల లొల్లి, ఆ మీదికెళ్లి మిషిన్ల హోరు. గా హోరుల ఎట్ల పంటరు బాబూ అని ఊరోళ్లు అడిగేటోళ్లు. హోరు ఆగితేనే మాకు నిద్ర పట్టదని వాళ్లకేం ఎరుక.

ఎండకాలం కరెంటు లేదని జనం మమ్ముల తిడుతరు. వానకాలం కథ వేరే. ముసురు పట్టిందంటే ఊర్లల్ల బాయికాడి మోటర్లన్నీ బందైతయి. కరెంటు వాడుకునేటోడు ఉండడు, వోల్టేజీ ఎక్కువై బల్బులు మండిపోతయి. హైదరాబాదు నుంచి ఫోను వస్తది, తగ్గించున్రి, గేటు దించున్రి అని. నిండు కాలువ నీళ్లను పక్క తూముకెళ్లి ఉత్తగ ఇడిచిపెట్టాలె. గేటు చక్రం తిప్పేది అబ్రహాం. లేకుంటే తిడుతరు, ఇస్తే వద్దంటరు, వీళ్లకంటే మా రిబ్కనే నయం అని, సద్ది తెచ్చిన పెండ్లాం ఇనేటట్టు అని నవ్వేటోడు.

మిషిన్ ముంగట లోతు గుంట ఉంటది. కాలువల కొట్టుకొచ్చిన చెత్త, గుర్రపుడెక్క అంత ఆడ జాలికి పడుతది. గేటు మూసి, ఇనుప నిచ్చెన దిగి దాన్ని తియ్యాలె. దిగేటోడు తన పేరున్న ఇత్తడి బిల్లను మిషిన్ మీట పక్క గోడకు కొట్టిన మొలకు తగిలిచ్చి దిగుతడు. బిల్ల ఉన్నంతసేపు మనిషి లోపల ఉన్నట్టు. మిషిన్ ముట్టద్దు. తగిలిచ్చినోడే పైకొచ్చి తన చేతితోని తియ్యాలె. సారైనా, సారు మీది సారైనా దాని జోలికి పోవద్దు. ఇంట్ల ఏ దేవున్ని మొక్కినా, పనికాడ మేం నమ్మింది గా బిల్లనే.

పోయినేడు ముసురుల అబ్రహాం రెండో మిషిన్ గుంటల దిగిండు. మూసిన గేటును కిందికి బిగిచ్చి పట్టిన గొలుసు తెగి గేటు లేచింది. నీళ్లు ఒక్కసారే మీద పడ్డయి.

గుంట ఎండగొట్టి చూసినం, లేడు. కాలువ పొడుగునా వలలేసినం, దొరకలే. ఇంకెవలూ దిగొద్దని మా ఇంజనీరు సీతారాంరావు సారు గుంట మీది ఇనుప మూతకు బోల్టులు బిగిపిచ్చిండు. గొలుసు కొత్తది వచ్చింది గని, రెండో మిషిన్ మాత్రం నడవలే. బిల్ల మొలకే ఉన్నది గదా. తియ్యవలసినోడు లేడాయె.

రిబ్కమ్మకు ఆడనే ఊడ్చే పని ఇచ్చిండ్రు. పొద్దుగాల రాంగనే ఆమె చేసే మొదటి పని బిల్లను కొంగుతోని తుడిచుడు. పాస్టరు ప్రార్థన చేస్త అంటే కూడ ఒప్పుకోలే. శవం లేనిది మట్టిల ఏం పెడుతరు, మనిషి లోపలున్నడని బిల్ల చెప్పవట్టె అన్నది. నాతోని మాట్లాడుతూ మాట్లాడుతూ పైపు దిక్కు చూసేది. గుంటలకెళ్లి మిషిన్ హాలు దాకా ఒక ఇనుప పైపు ఉండె, హోరుల ఇనపడదని అండ్ల మూతి పెట్టి మాట్లాడుకునేటోళ్లం. ఆమె చూసినప్పుడల్ల నేను మొఖం తిప్పుకునేటోన్ని.

ఈ యేడు కాలువ నిండుగ వచ్చింది. నీళ్లన్ని ఉత్తగ పోతున్నయి, రెండో మిషిన్ నడపాలె అని మీదికెళ్లి ఒకటే ఒత్తిడి. సారు చెడ్డోడు కాదు. ఆయన బిల్ల మీద చెయ్యెయ్యలే. రిబ్కమ్మ ఇంటికి పోయి, చాప మీద కూసొని, అమ్మా, తీస్తె గిస్తె నువ్వే తియ్యాలె, ఇంకెవలికీ హక్కు లేదు అని బతిమాలిండట.

ఆ రోజు పగటీలి అన్నం ఏళకు రిబ్కమ్మ వచ్చి మొల ముంగట నిలబడ్డది. చాలాసేపు నిలబడ్డది. మేమందరం నేల చూస్తున్నం. ఆఖరికి బిల్ల తీసింది, పెదవులకు ఆనిచ్చుకున్నది, రైకల దోపుకున్నది. ఏడ్వలే. ఏడిస్తె బాగుండు అనిపించింది నాకు. నేను మీట ఎత్తిన. ఏడాది సంది పండుకున్న మిషిన్ మూల్గుకుంట లేచింది.

పొద్దుగూకే ఏళకు ముసురు పట్టింది. బల్బులు తెల్లగ మండబట్టినయి. నేను అనుకున్నట్టే ఫోను మోగింది. రెండో మిషిన్ తగ్గించు అన్నరు. సరే అని ఫోను పెట్టి తిరిగి చూసిన.

రెండో మిషిన్ మీటర్ల ముల్లు అప్పటికే దిగుతుంది.

కిటికీలకెళ్లి చూసిన. బయట వానల గేటు చక్రం తిరుగుతుంది. దాని కాడ మనిషి లేడు. రెండు చుట్లు… ఆగింది. మళ్ల రెండు చుట్లు… ఆగింది. అబ్రహాంకు కుడి భుజం నొప్పి. గట్లనే తిప్పేటోడు.

హాలంత కుళ్లిన గుర్రపుడెక్క వాసన. అండ్ల సన్నగ నీలగిరి తైలం వాసన… అది ఆయన భుజానికి రాసుకునేది.

రిబ్కమ్మ చేతులకెళ్లి చీపురు జారింది. పైపుల ఎవలో ఊపిరి తీస్తున్నరు.

"రిబ్కా…"

గొంతు అబ్రహాందే.

"రిబ్కా… నా బిల్ల ఎవలు తీసిండ్రు?"

ఆమె పైపు కాడికి ఉరికింది. రైకలకెళ్లి బిల్ల తీసి, మళ్ల మొలకు తగిలిచ్చి, పైపుల మూతి పెట్టింది.

"ఎవలూ తియ్యలే… మొలకే ఉన్నది."

నీళ్ల సప్పుడు. 

"మరి మిషిన్ ఎందుకు తిరుగుతుంది?"

నేను మీట గుంజిన. హోరు తగ్గుకుంట తగ్గుకుంట ఆగిపోయింది. అంత సైలెంటుల వాన ఒక్కటే ఇనపడుతుంది. ఆమె పైపుకు నుదురు ఆనిచ్చి, నేనే తీసిన, నన్ను మాఫ్ చెయ్యి అని గుసగుసగ అంటనే ఉన్నది. 

అప్పుడు బయట గుంట మూత కింద… ఠంగ్.

నిచ్చెన మీద అడుగు. ఠంగ్… ఠంగ్… పైకి వస్తుంది. మూత కిందికి వచ్చి ఆగింది. కొంచెంసేపు ఏం లేదు. మళ్ల మెల్లగ కిందికి దిగింది. మళ్ల ఎక్కింది. మూత కింద ఆగింది.

"అన్నా," అన్నది రిబ్కమ్మ, "మూత తియ్యే."

పానా తీసుకొని వానలకు ఉరికినం. బోల్టులు ఊడదీసి, ఇద్దరం కలిసి మూత పక్కకు జరిపినం. టార్చి కొట్టిన. గేటు పూరాగ మూసుకున్నది, నీళ్లు జారిపోయినయి, గుంట ఖాళీ. మనిషి లేడు.

నిచ్చెన ఉన్నది. ఏడాది సంది ఎవలూ దిగని నిచ్చెన, మెట్లన్నీ తుప్పు పట్టి ఉండాలె. అడుగు నుంచి మెట్లన్నీ అరిగి నున్నగ మెరుస్తున్నయి. మూత అడ్డమై కాలు పెట్టరాని పైమెట్టు ఒక్కటే పచ్చగ పాచి పట్టి ఉన్నది.

ఇన్ని దినాలు పైకి ఎక్కుతనే ఉన్నడు. మూత బిగిచ్చింది మేమే.

రిబ్కమ్మ నేల మీద బోర్ల పండుకొని, గుంటలకు వంగి, కొంగుతోని ఆ పైమెట్టు తుడువబట్టింది. పాచి ఊడి కింద పడుతుంది. ఏం చేస్తున్నవ్ చెల్లె, లే అని నేను అంటున్న. ఆమె ఇనలే.

"వాన గదా అన్నా, జారుతడు," అన్నది.

తుడిచింది. గోటితోని గీకి మళ్ల తుడిచింది. కొంగు నిచ్చెన పొడుగునా చీకట్లకు వేలాడుతుంది.

ఉన్నట్టుండి కొంగు కింది నుంచి ఎవలో పట్టుకున్నట్టు బిగుసుకున్నది.

టార్చి నా చేతులనే ఉన్నది. కొంగు కొస మీదికే ఎలుగు పెట్టిన. ఆడ ఎవలూ లేరు.

ఆమె గుంజుకోలే.