ఆయుధపూజ నాడు ఆపని గేర్‌బాక్సు

ఒకచోట కుదురుగా కూర్చునే బుద్ధి నాకు లేదండి. అలాంటివాణ్ణి తెచ్చి ధవళేశ్వరం దగ్గర వర్క్‌షాపులో లైఫ్ టెస్టుకి కాపలా పెట్టారు. కాలవ తలుపులు ఎత్తే మోటారు, దాని గేర్‌బాక్సు. మోయాల్సినదానికి రెట్టింపు బరువు పెట్టి, పక్కన హీటర్లు వెలిగించి, రాత్రింబవళ్లు తిప్పుతాం. కాలవ మీద ఏడాదికి అరిగేది ఇక్కడ ఒక్కరోజులో అరగాలి. నెలరోజులు ఆగకుండా తిరగాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటికే.

పదోరోజున ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు స్క్రూడ్రైవరు కూడా ముట్టుకోరు.

"ఒక్క పూట ఆపేద్దామండి, మణిశంకర్ గారూ," అన్నాడు చిట్టియ్య, నా ఆపరేటరు. ఇరవయ్యారేళ్లవాడు, కొత్తగా పెళ్లయింది.

నేనే ఒప్పుకోలేదు. తిరుగుతున్నదానికే బొట్టు పెట్టమన్నాను. వాడు పెట్టబోతే షాఫ్టు అంచు వాడి వేలి చర్మం లాగేసింది. నాలుగు చుక్కల రక్తం నూనెలోకి జారింది. "ఏం కాదులే," అన్నాను. అనడానికి నాదేం పోయింది.

వారానికి వాడి చెవుల దగ్గర జుట్టు నెరిసింది. రెండో వారానికి రీడింగులు కనబడక కళ్లజోడు అడిగాడు. గేర్‌బాక్సు నూనె తీసి చూస్తే మాత్రం, అరిగినట్టు ఇనప రజను నలుసంత కూడా లేదు.

ఆ మర్నాడు వాడి భార్య వెంకటదుర్గ గేటు దగ్గర నన్ను ఆపింది. "మా ఆయన పళ్లు ఊడిపోతున్నాయండి. మీరేం పని చేయిస్తున్నారండి?" నెమ్మదిగానే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. లోపలికెళ్లి ఎర్ర బటన్ నొక్కేశాను. షాఫ్టు నెమ్మదించింది... చిట్టియ్యా నెమ్మదించాడు. కుర్చీలోంచి పక్కకి ఒరిగి కళ్లు తేలేశాడు. పచ్చ బటన్ నొక్కాను. అప్పుడు ఊపిరి తీసుకున్నాడు.

తిరిగితే ముసలాడైపోతాడు. ఆగితే పోతాడు. రెండు రోజులు తిండీ నిద్రా లేకుండా షెడ్డులో కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

మూడోరోజు మధ్యాహ్నం తుపాను పట్టింది. షెడ్డంతా చీకటి. మాడిన నూనె వాసన, తడిసిన గోనెల వాసన. రేకుల మీద వాన హోరు. ఆ హోరు కింద మోటారు మూలుగు... సన్నగా...

కరెంటు పోయింది.

జనరేటరు హ్యాండిల్ తిప్పాను. దగ్గి ఊరుకుంది.

"మణిగారూ," గొణిగాడు చిట్టియ్య. "చల్లగా ఉందండి..."

షాఫ్టుని రెండు చేతులతో పట్టుకుని తిప్పాను. ఒక చుట్టు... ఊపిరి. ఒక చుట్టు... ఊపిరి. అరచేతులు చీరుకుపోయాయి. కారే రక్తం ఎక్కడికి పోతోందో చూసుకోలేదు.

గంటకి కరెంటు వచ్చింది. చిట్టియ్య లేచి నిలబడ్డాడు. "తేలిగ్గా ఉందండి," అన్నాడు. సంతోషంతో ఏడ్చేశాను. మర్నాడు అద్దంలో చూసుకుంటే, నిన్నటిదాకా నల్లగా ఉన్న నా గడ్డంలో తెల్లవెంట్రుకలు.

ఈ సాయంత్రానికి నెల పూర్తి. ఓనరు బుల్లిరాజుగారు కొబ్బరికాయ కొట్టి, అందరి ముందూ మోటారు ఆపిస్తారట. నేను షెడ్డు తలుపుకి లోపలినుంచి గడియ పెట్టుకున్నాను. ఎవరో తడుతున్నారు.

"తలుపు తియ్యండి, మణిగారూ. ఆపే పని నాకే చెప్పారండి."

చిట్టియ్యే. కానీ పళ్లూడిన గొంతు కాదది. పెళ్లినాటి గొంతు.

తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. కాసేపటికి అడుగులు కదిలాయి... గోడ వెంబడి... నెమ్మదిగా...

మెయిన్ స్విచ్చు ఉన్నది బయటే.