నల్ల ముసుగుకి నీలం కుట్టు

అమెరికాలో ఓహాయో నది ఒడ్డున ఒక ఊరి సమాధుల తోటలో దేవదారు పల్లానికి మంచి పేరు లేదు. మిగతా తోటకేం, మహారాజులా ఉండేది. వంపులు తిరిగిన బండిబాటలు, మధ్యలో కొలను, కొలను పక్కన పెద్దమనుషులు ముచ్చటపడి తెచ్చి వదిలిన ఆరు జింకలు. అక్టోబరులో ఆకులు ఎరుపెక్కాయంటే ఊరంతా బండ్లు కట్టుకుని అక్కడే. సమాధుల మధ్య దుప్పట్లు పరుచుకుని తెచ్చుకున్నవి తినేవాళ్ళు. కానీ ఎంతటి మొనగాడైనా పొద్దు వాలాక ఆ పల్లంలోకి దిగేవాడు కాదు.

తోట వేసిన కొత్తలో సమాధిరాళ్ళు చెక్కే ఒకడు అక్కడే తన పెళ్ళాన్ని సుత్తితో మోది చంపాడు. ఆ దెబ్బలకి మొహమన్నది మిగల్లేదట. అందుకే ఆవిడ నల్లముసుగు వేసుకుని తిరుగుతుందనీ, మగవాడు కనబడితే తల వంచుకుని మీద పడుతుందనీ చెప్పుకునేవారు.

అలాంటి చోట జోథమ్ ఎనిమిది రాత్రులుగా ఒంటరిగా కూర్చుంటున్నాడు.

జోథమ్ ఆ తోటలోనే ఆకులు ఊడ్చే పనివాడు. అతని భార్య కెజియా జ్వరంతో పోయింది. పనివాళ్ళకి తోటలో దొరికే జాగా ఆ పల్లం ఒక్కటే కాబట్టి అక్కడే పాతిపెట్టాడు. నవంబరు మొదలు... వైద్యుల కాలేజీ తెరిచే రోజులు. పాఠాలకి శవాలు కావాలి. తవ్వి తెచ్చే దొంగలు ఊళ్ళో ఉండనే ఉన్నారు.

వాళ్ళకో పద్ధతుంది. తలవైపు మాత్రం గొయ్యి తవ్వి, పెట్టె మూత విరిచి, మెడకి తాడేసి లాగుతారు. ఒంటిమీది బట్టలన్నీ ఒలిచి మళ్ళీ గోతిలోనే పారేస్తారు. బట్ట ఎత్తుకుపోతే జైలు, శవాన్ని ఎత్తుకుపోతే జరిమానా. చట్టం అలా ఏడిచింది మరి. ఆ తర్వాత మన్ను పూడ్చి, పైన ఆకులు ఎప్పట్లా పరిచేస్తారు. కన్నవాళ్ళు వచ్చి చూసినా పోల్చుకోలేరు.

కెజియా తమ్ముణ్ణి అలాగే పట్టుకుపోయారు. కాలేజీ వెనక సున్నపుగుంటలో తల ఒక్కటి దొరికింది. ఆనాటినుంచి మూడేళ్ళు ఆమె నల్లముసుగు తియ్యలేదు. దాని అంచు చిరిగితే, ఇంట్లో నల్లదారం అయిపోయి నీలం దారంతో కుట్టుకుంది.

"నల్లదానికి నీలం కుట్టేమిటే?" అని జోథమ్ నవ్వితే, "చీకట్లో ఎవడు చూస్తాడులే," అంది.

పోయేముందు అతని చెయ్యి పట్టుకుని రెండే కోరింది.

"ఆ ముసుగు నా మొహం మీద కప్పి పంపు. నన్ను మాత్రం ఆ వైద్యుల కోతబల్ల మీదికి పోనివ్వకు."

"నా ప్రాణముండగా పోనివ్వను," అన్నాడు జోథమ్.

పాతిన రాత్రి మాత్రం అతనివల్ల కాలేదు. జ్వరం పక్కన నాలుగు రాత్రులు కూర్చున్న మనిషి. గేటు కాపలాదారు బార్నబస్ భుజం తట్టాడు. "పోయి పడుకోరా. నీ పెళ్ళాం నాకు చెల్లెలు కాదూ. నేను కాస్తాలే." ఆ మర్నాటినుంచి రాత్రిళ్ళు జోథమ్ సమాధి దగ్గర్నించి కదల్లేదు. పది రాత్రులు దాటితే ఒళ్ళు కుళ్ళిపోతుంది, ఏ వైద్యుడికీ పనికిరాదు. పెళ్ళాం తొందరగా కుళ్ళిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్న మగవాడు ఆ ఊళ్ళో అతనొక్కడే అయుంటాడు.

పదో రాత్రి గేటు దగ్గర బార్నబస్ ఆపాడు.

"ఇవాళ వద్దురా. ఆవిడ మళ్ళీ తిరుగుతోంది. ఈ వారంలో ముగ్గురు చూశారు."

"నాకు కనబళ్ళేదే."

"కనబడ్డాక చెప్పడానికి నువ్వుండాలిగా."

"దెయ్యం నా పెళ్ళాన్నేం చేసుకుంటుంది బార్నబస్? నా భయమంతా మనుషులతోనే."

బార్నబస్ లాంతరు వత్తి సర్దుకున్నాడు.

పల్లంలో మంచు దిగింది. ఒళ్ళో తుపాకీ, పక్కన పార. సమాధి మీద ఆకులు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. ఈ ఒక్క రాత్రి గడిస్తే చాలు, అనుకున్నాడు...

ఎండుటాకుల మీద అడుగు పడింది.

ఆగింది. మళ్ళీ పడింది. ఎవరో బొంగురుగా ఊపిరి పీలుస్తున్నారు.

దేవదారుల మధ్య వెన్నెల పడేచోట నిలబడి ఉంది — మనిషెత్తు, నల్లగా. మొహం ఉండాల్సినచోట ముసుగు వేలాడుతోంది. గాలి లేదు. ముసుగు ఊగుతోంది.

"ఎవరది?" జోథమ్ తుపాకీ ఎత్తాడు.

అది తల వంచింది.

జోథమ్ కాల్చాడు. మెరుపులో ఏమీ కనబడలేదు. ఆ పొగలోంచే అది వచ్చి పడింది. తొడలో ఏదో దిగబడి అతణ్ణి లేపి చెట్టుకేసి కొట్టింది. పక్కటెముక విరిగింది. నెత్తురు వెచ్చగా జోడులోకి కారింది. చేతికి పార తగిలింది. కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడైంది. అది మోకాళ్ళ మీద కూలినా కొట్టాడు, కాళ్ళు తన్నుకోవడం ఆగినా కొట్టాడు. నోట్లోకి చిమ్మిన నెత్తురు ఉమ్మి మళ్ళీ కొట్టాడు.

చేతులు పడిపోయాక లాంతరు వెలిగించాడు.

జింక... కొలను దగ్గరి పెద్ద మగజింక. ఈ కాలంలో వాటికి మదమెక్కుతుంది, కనబడ్డ పొదల్ని కొమ్ములతో కుమ్ముతాయి. ఏ పొదలోనో పడున్న నల్లగుడ్డ కొమ్ములకి చుట్టుకుంది. ఊరిని వణికించిన ముసుగావిడ ఇదన్నమాట. జోథమ్‌కి నవ్వొచ్చింది. నొప్పితో ఏడుస్తూనే నవ్వాడు.

ఆ గుడ్డే లాగి తొడకి కట్టుకున్నాడు. ముడి వేస్తుంటే అంచు వేళ్ళకి గరుగ్గా తగిలింది. లాంతరు దగ్గరికి జరిపాడు.

నీలం దారం.

కాలు ఈడ్చుకుంటూ సమాధి తలవైపు తవ్వాడు. మన్ను మెత్తగా వచ్చేసింది. విరిగిన మూత కింద కెజియా గౌను, మేజోళ్ళు, తలటోపీ — ముసుగు తప్ప అన్నీ ఉన్నాయి. అదొక్కటి మొదటి రాత్రి గాలికెగిరి పొదల్లో పడుంటుంది. కెజియా లేదు. ఇన్ని రాత్రులూ అతను కాపలా కాసింది ఆ బట్టలకి.

పైనుంచి లాంతరు ఊగుతూ దిగింది.

"జోథమ్... తుపాకీ చప్పుడైంది. కనబడిందా?"

"కనబడింది. ఇలా రా, చూపిస్తా."

బార్నబస్ గోతి అంచున వంగి చూశాడు.

"మొదటి రాత్రి కాసింది నువ్వేగా," అన్నాడు జోథమ్ మెల్లగా.

"వాళ్ళు ముగ్గురురా... నేనొక్కణ్ణి..."

"చెల్లెలన్నావు."

పార ఇంకా జోథమ్ చేతిలోనే ఉంది.

తెల్లారి ఊరంతా చచ్చిన జింకని చూసి నవ్వుకుంది. దయ్యానికి జడిసి బార్నబస్ రాత్రికి రాత్రే ఊరొదిలి పారిపోయాడని ఇంకాస్త నవ్వుకుంది.

జోథమ్ ఆ తరవాత ముప్ఫై శరత్కాలాలు కుంటుకుంటూ ఆ తోటంతా ఊడ్చాడు, ఆ ఒక్క సమాధి తప్ప. ముసలివాడయ్యాక అతని అక్క కూతురు అడిగింది.

"మావయ్యా, అత్తయ్య మీద ఆకులు అలా మాగిపోతున్నాయి. ఒక్కసారైనా తియ్యవేం?"

జోథమ్ చీపురు కింద పెట్టాడు.

"అందులో ఉన్నది మీ అత్తయ్య కాదమ్మా."