పన్నెండు జర్మన్ పిస్తోళ్లు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సు స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడింది. పై అరలో ఉన్న సంచీ ఒరిగి, అందులోంచి ఒక పిస్తోలు జారి కింద సీటులో కూర్చున్న తహసీన్ ఒళ్లో పడింది.

"ఓయమ్మో, తుపాకీ!" అని వెనక సీటులో ఎవరో కేక పెట్టారు. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. కండక్టర్ టికెట్ మిషన్‌ను గుండెలకు అడ్డం పెట్టుకున్నాడు.

"కొయ్యదప్పా! డమ్మీ! సినిమాకు!" అంటూ ఆ సంచీ తెచ్చిన అబ్రార్ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

తహసీన్ మాత్రం అరవలేదు. పిస్తోలును అటూ ఇటూ తిప్పి చూసింది. "వాల్తర్ పి-38 కదా? బాగానే చెక్కినావు."

అబ్రార్ చేతులు దించడం మరిచిపోయాడు. ఆరేళ్లుగా సినిమాలకు బొమ్మ తుపాకులు చేస్తున్నాడు. ఇంతవరకూ ఒక్కరూ వాటిని పేరు పెట్టి పిలిచింది లేదు.

"మీకెట్ల తెలుసు?"

"మా దాదా పుణ్యం. ఆ తాతకు తుపాకులంటే పిచ్చి. ఏ సినిమాకు?"

"గండికోటలో షూటింగు. మొదటి ప్రపంచ యుద్ధం. జర్మన్ ఆఫీసర్లకు పన్నెండు చేసినా."

ఆమె జాలిగా చూసింది. "ఇది వచ్చిందే పంతొమ్మిదొందల ముప్పై ఎనిమిదిలో. ఆ యుద్ధం అయిపోయి అప్పటికి ఇరవై ఏండ్లు. ఇంకా పుట్టని పిస్తోలును మీ ఆఫీసర్లు ఎట్ల పట్టుకుంటారు?"

బస్సంతా నవ్వింది.

"ఎవరు చూస్తారు మేడం? కనపడేది రెండు సెకండ్లు."

"మా దాదా చూస్తాడు. టీవీ ఆపి మరీ చూస్తాడు."

జమ్మలమడుగులో ఆమె దిగిపోయింది. అక్కడి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుందని, పేరు తహసీన్ అని మెడలోని కార్డు చూసి అబ్రార్ తెలుసుకున్నాడు.

గండికోటలో ఆర్ట్ డైరెక్టర్‌కు పిస్తోళ్లు తెగ నచ్చేశాయి. "టైటిల్స్‌లో నీ పేరు వేయిస్తా" అన్నాడు. అబ్రార్ ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట అది. నగల అచ్చులు చెక్కే తండ్రి ఉస్మాన్, "ఆ చేత్తో బొమ్మ తుపాకులేందిరా?" అని రోజూ సణుగుతాడు. తెర మీద పేరు చూపించి ఆయన నోరు మూయించాలని అబ్రార్ ఆశ.

కానీ బస్సులో తహసీన్ చూసిన ఆ జాలి చూపు కళ్లముందు నుంచి కదల్లేదు.

"సార్, ఇవి తప్పు. మళ్లీ చేసిస్తా" అనేశాడు.

ఆర్ట్ డైరెక్టర్ నిప్పులు చెరిగాడు. చివరికి వారం గడువిచ్చాడు. ఆలోపు రాకపోతే పేరూ లేదు, ఇకమీదట పనీ లేదు.

సాయంత్రం కాలేజీ గేటు దగ్గర అబ్రార్‌ను చూసి తహసీన్ నవ్వు ఆపుకొంది. "ఏందప్పా, ఇట్లొచ్చినావు?"

"మీ దాదాను చూడాల."

"దాదానా? నన్ను చూసేకి వచ్చినావేమో అనుకున్యా."

అబ్రార్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆదివారం పులివెందులలో అబ్రార్ ఆమె దాదా అలీ అహ్మద్ ముందు కూర్చున్నాడు. సైన్యంలో ఆయుధాలు బాగుచేసి రిటైరైన మనిషి ఆయన. పొద్దస్తమానం యుద్ధం సినిమాలే. "టీవీలో సచ్చినోళ్లను లెక్కపెట్టడమే ఈయప్పకు పని" అని గొణుగుతూ ఆయన భార్య ఖమర్‌బీ టీ ఇచ్చింది.

పెద్దాయన సినిమా ఆపి తెర మీద వేలు పెట్టాడు. "చూడు బేటా, లూగర్. ఆ యుద్ధానికి ముందే జర్మన్ సైన్యంలోకి వచ్చింది. కాల్చినప్పుడు పైనుండే కీలు మోకాలు మడిచినట్ల లేస్తాది."

అబ్రార్ బొమ్మ గీసుకున్నాడు. పిడి వాలు తెలియడానికి తహసీన్ చెక్క స్కేలును పిస్తోలులా పట్టుకుని అతనికి గురిపెట్టింది.

"కొలుస్తాండావా, చూస్తాండావా?"

"రెండూ."

ఆమె స్కేలు దించేసింది. వెళ్లేటప్పుడు వాకిట్లో మెల్లగా చెప్పింది, "శుక్రవారం నన్ను చూసేకి కువైట్ సంబంధమోళ్లు వస్తాండారు."

"అట్లనా... మంచిది" అన్నాడు అబ్రార్. అంతకన్నా పనికిమాలిన మాట తన జన్మలో అనలేదని బస్సెక్కాక తెలిసింది.

నాలుగు రోజులు తిండి ధ్యాస లేకుండా చెక్కాడు. ఇత్తడి కీలు కుదరక కొడుకు తంటాలు పడుతుంటే ఉస్మాన్ చూస్తూ ఊరుకోలేక తనే ఆకురాయి అందుకున్నాడు. గురువారానికి పన్నెండు లూగర్లు తయారయ్యాయి. ఆర్ట్ డైరెక్టర్ ఆ కీలును పదిసార్లు మడిచి చూసుకుని మురిసిపోయాడు.

అదే సమయానికి గండికోటలో వాన మొదలైంది. అబ్రార్ ఫోన్ తీశాడు.

"పిస్తోళ్లు ఓకే అయినాయి."

"శానా సంతోషం."

"రేపు... ఆ కువైట్ ఆయప్పను రావద్దని చెప్పు."

"ఎందుకు?"

"ఎందుకంటే..." లైన్ తెగిపోయింది. సిగ్నల్ కోసం కోట గోడ ఎక్కి మళ్లీ కలిపాడు. "ఎందుకంటే నువ్వంటే నాకిష్టం! వినపడిందా?"

"ఊరంతా వినపడింది. యాడుండావు?"

"వానలో, గోడమీద."

"ముందు దిగు! కువైటోళ్లకు ఆదివారమే వద్దని చెప్పించినా. వాళ్లు నాకొద్దని నీకు చెప్తామంటే నువ్వు 'మంచిది' అని ఎలబారితివి కదా! రేపు మీ నాయనను పిల్చుకొనిరా."

శుక్రవారం నమాజు తర్వాత ఉస్మాన్ పులివెందులలో మొహమాటంగా కూర్చున్నాడు. "మావానికి స్థిరమైన పని లేదు సాబ్. దాచిపెట్టి అడగలేను."

"సినిమావాళ్లెవరికీ తెలియని తప్పును తానే ఒప్పుకున్న పిల్లోడు. నాకు అంతకన్నా ఏం గావాల?" అన్నాడు అలీ అహ్మద్. ఖతర్‌లో ఉన్న తహసీన్ తండ్రి కూడా ఫోన్‌లో, "మా నాయన మాటే నా మాట" అన్నాడు.

తలుపు పక్కనుంచి తహసీన్ ముందుకొచ్చింది. "నేను ఉద్యోగం మానను. పెండ్లయినాక మీ ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు దినామూ పోవాల."

"నేను బండిమీద దించొస్తా" అన్నాడు అబ్రార్.

"దినామూ?"

"దినామూ."

"వానొస్తే?"

"ఇద్దరమూ తడుస్తాం."

ఖమర్‌బీ సంబంధం ఖాయమైనట్టు చక్కెర గిన్నె తెచ్చి, ముందు మనవరాలి నోట్లో చిటికెడు పెట్టింది. తహసీన్ నోరు మూతపడింది గానీ, నవ్వు మాత్రం ఆగలేదు.