మార్టూరు రాతి చేపలు

పట్టపగలు పదకొండింటికి గుంటూరు మిర్చి యార్డులో గఫూర్ శవం దొరికింది. ఎవరో అతని నోట్లో గుప్పెళ్ళకొద్దీ కారం కుక్కి చంపారు. మూతి చుట్టూ ఎర్రటి చొంగ గడ్డకట్టింది. దాని మీద ఈగలు. ఏజెంట్ కలీం వంగి, శవం సాక్సులోంచి ఒక చీటీ లాగాడు. అందులో ఒకటే మాట: ఆస్ట్రకోడెర్మ్.

"కెమికల్ వెపనంటావా?" కర్చీఫులోకి తుమ్ముతూ అడిగాడు చీఫ్ జయరావు.

వ్యాన్‌లోనే బ్రీఫింగ్. శత్రుదేశంలో మారువేషాల్లో ఉన్న మనవాళ్ళు పదకొండుమంది. వాళ్ళ పేర్లున్న మైక్రోఫిల్మ్‌ని ఒక ఫారిన్ ముఠా కొట్టేసింది. ఆ ముఠా వెంటపడుతూనే మన ఏజెంట్ గఫూర్ పోయాడు. సాయంత్రం ఐదింటికి ఫిల్మ్ వాడరేవు నుంచి బోటెక్కుతుందని తెలుసు. దేన్లో దాచారో తెలీదు. లిస్టులో మూడో పేరు శ్యామ్ సుందర్, ట్రైనింగ్‌లో కలీం రూమ్మేట్.

"ఫిల్మ్ దాటిందా, పదకొండుమందీ పోయినట్టే," అన్నాడు చీఫ్.

కలీం తిన్నగా జువాలజీ లెక్చరర్ సంతోషకుమారి ఇంటికెళ్ళాడు. చీటీ చూడగానే ఆవిడ లెసన్ మొదలుపెట్టింది. అది గ్రీకు నుంచి వచ్చిన మాట, పెంకు చర్మం అని అర్థం. ఒంటిమీద ఎముక కవచం, నోరంటే ఉత్త చీలిక. దవడ ఉండదు. ఆ చేపలు కోట్ల ఏళ్ళ కిందటే అంతరించిపోయాయి. నిజానికి అవన్నీ ఒకే వంశం కూడా కాదట. దవడలేని పాతకాలపు కవచం చేపలన్నిటినీ కలిపి పిలవడానికి సైంటిస్టులు వాడుకగా ఉంచుకున్న పేరట.

"పోయిన నెల ఒకావిడ నాతో దాని బొమ్మ గీయించుకుందండీ. ఫారిన్ మ్యూజియానికని మార్టూరులో గ్రానైట్‌తో ఇరవై చేపలు చెక్కిస్తోందట. డాక్టర్ సఫూరా."

కలీంకి ఆ పేరు బాగా తెలుసు. సఫూరా ఐదేళ్ళుగా తమ డిపార్ట్‌మెంట్ మనిషి. గఫూర్‌కి పార్ట్‌నర్.

నాలుగున్నరకి వాడరేవు. కలీంది ఎండుచేపల వ్యాపారి వేషం. నెత్తిమీది బుట్టలోంచి సగమెండిన చేపల నీళ్ళు చెవుల మీదుగా కాలర్లోకి కారుతున్నాయి. పెట్టెల్లోపలికి చూడ్డానికి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన స్కానర్ వాచ్ ఆ నీళ్ళకే తడిసి చచ్చిపోయింది.

బోటు పక్కన ఇరవై చెక్కపెట్టెలు, పెట్టెకొక చేప. వాటిని చెక్కిన మార్టూరు మేస్త్రి సిలార్ లారీలో వెంట వచ్చాడు. సరుకు అప్పగించేముందు ప్రతి రాయినీ చేత్తో తుడవందే ఆయనకి తోచదు. ఒక్కో మూతా తీసి తుడుస్తున్నాడు. అల్లంత దూరంలో నల్లకళ్ళద్దాలతో సఫూరా. రాతిబురద అసహ్యమని ఆమె మార్టూరు గ్రానైట్ యూనిట్‌లో అడుగే పెట్టలేదు. మూత బిగించిన పెట్టెల్లోంచి ఒకదాన్ని ముఠా మనిషితో తీయించి, దాని చోట ఫిల్మున్న పెట్టె పెట్టించింది, అంతే.

కలీం వేషాన్ని ఆమె ఒక్క చూపులో పట్టేసింది. దగ్గరికొచ్చి అతని డొక్కకి లిప్‌స్టిక్ ఆనించింది. అది పిస్టలని కలీంకి తెలుసు. డిపార్ట్‌మెంట్ తరఫున ఆమెకి ఇచ్చింది తనే.

"పాపం, గఫూర్‌కి కారం పడలేదు," అని నవ్వింది. ఆ నవ్వు చూశాక నెత్తిమీద కంపే నయమనిపించింది కలీంకి. "ఇరవై ఉన్నాయి కలీం గారూ. పగలగొట్టేలోపు బోటు వెళ్ళిపోతుంది."

ఐదుకి మూడు నిమిషాలు. బోటు ఇంజిన్ స్టార్టయింది. కలీం చేపలకేసి చూసి తెల్లబోయాడు. మూత తీసినవాటన్నిటికీ దవడలు, పళ్ళు. రెండింటికైతే జెల్లచేపకున్నట్టు మీసాలు.

"సిలార్ భాయ్, బొమ్మలో దవడ లేదుగా?"

"గీసినావిడ మర్చిపోయినట్టుందండి. దవడ లేని చేపని పంపితే నలుగురూ నవ్వరా? నేనే పెట్టా." సిలార్ ఆఖరి పెట్టె మూత తీసి మొహం చిట్లించాడు. "ఛీ, ఇది మాది కాదు. ఎవడో పని రానోడు చేశాడు."

ముఠా ఫారిన్‌లో పుస్తకం ముందు పెట్టుకుని చేయించిన చేప అది. దవడ లేకుండా, అచ్చమైన ఆస్ట్రకోడెర్మ్ అదొక్కటే.

కలీం బుట్టంతా సఫూరా మొహాన కుమ్మరించాడు. లిప్‌స్టిక్ ఆకాశంలోకి పేలింది. ఆమె కళ్ళు తుడుచుకునేలోపు ఆ రాతి చేపని ఎత్తి బోటు లంగరుకేసి కొట్టాడు. రెండు ముక్కలు. మధ్యలో ఫిల్మ్. రేవు జనంలో కలిసున్న మఫ్టీ పోలీసులు సఫూరాని పట్టుకున్నారు, ముక్కు మూసుకుని.

మర్నాడు ల్యాబ్‌లో పెట్టుకొమ్మని మీసాల చేపనొకదాన్ని సంతోషకుమారికి ఇచ్చాడు కలీం. అప్పటికి మూడుసార్లు తలంటుకున్నాడు, కంపు పోలేదు. కానీ ఆవిడ ముక్కు చిట్లించింది అతన్ని చూసి కాదు, ఆ చేప దవడని చూసి.